వేప విందుకు సోంపు పిలుపు

‘వేపచెట్టు ఉన్నచోట పురుగన్నది బతకదు. పదిమందికీ పంపండి.’ హైదరాబాద్‌లో ఐదో అంతస్తు నుంచి వ్యవసాయం చేసే మా బావగారు ఏటా తొలకరికి ఈ మెసేజీ పంపుతారు. పెద్దాయన మాట కదా అని మొన్న జూన్‌లో తొలివాన పడిన సాయంత్రం, మా వేరుశనగ చేని గట్టు మీది వేపచెట్టు కింద టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాను. పురుగులు చావడం కళ్లారా చూద్దామని.

మసక చీకట్లో తడిమట్టిని తోసుకుని గోధుమరంగు పెంకు పురుగులు ఒక్కొక్కటే పైకొచ్చాయి. గుయ్యిమంటూ లేచి తిన్నగా వేపచెట్టుకే వెళ్లాయి. వాటికి మెసేజీ అందినట్టు లేదు.

మనం ఉగాదికి చెంచాడు వేపపువ్వు మింగడానికే ముఖం చిట్లిస్తాం. ఇవి కరకరా ఆకే మేస్తుంటే రక్తశుద్ధి కోసం కాబోలనుకున్నాను. తీరా చూస్తే అది పెళ్లిపందిరి! ఆడపురుగు కొమ్మ మీద కుదురుకుని అనిసోల్ అనే వాసన వదులుతుంది. ఇంచుమించు సోంపు వాసన. హోటల్లో భోజనమయ్యాక సోంపు ఇస్తారు, ఇక్కడ పిలుపే సోంపుతో. ఆ వాసన పట్టుకుని మిగతావాళ్లు దిగుతారు. టార్చి వేస్తే ఒక జంట కనబడింది. పెళ్లికొడుకు తలకిందులుగా వేలాడుతున్నాడు, పెళ్లికూతురు మాత్రం ఆకు అంచు వదలలేదు. పైనుంచి నా చొక్కా మీద అక్షింతల్లా రాలుతున్నాయి. దులుపుకుని చూస్తే లద్దెలు. తెల్లవారకముందే పందిరి ఖాళీ, చుట్టాలంతా మళ్లీ మట్టిలోకి.

వేపకు ఆ పేరు ఊరికే రాలేదులెండి. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చగా ఉన్నదంతా మేసి వేపను వదిలేయడం ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూశాడు. మిడత వద్దంటే పెంకు పురుగూ వద్దనాలా? మా ఇంట్లో కాకరకాయ నేను ముట్టను, మా ఆవిడ గిన్నె ఖాళీ చేస్తుంది.

నవ్వులాట ఇంతవరకే. ఈ పెళ్లి ఖర్చు రైతుది. మట్టిలో పెట్టిన గుడ్లలోంచి తెల్లటి వేరుపురుగు పుట్టి వేరుశనగ వేరు కొరికేస్తుంది. వాడిన మొక్కను పట్టుకుంటే చాలు చేతిలోకి వచ్చేస్తుంది, కింద వేరుండదు. తొలివాన తర్వాత ఆ నాలుగు రాత్రులూ ఊరంతా కలిసి కొమ్మలు దులిపి, రాలినవాటిని కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయాలి. నేనొక్కణ్నే దులిపితే ఏం లాభం, పక్కచేని పెళ్లివారు నా చేలో గుడ్లు పెట్టి పోతారు. ఆ రాత్రుల్లో ఊరిని కూడగట్టడానికి ఒక్క వ్యవసాయ శాఖ సారూ రాడు. చేను ఎండాక మాత్రం ఫ్లెక్సీ కట్టి, బిస్కెట్లు పంచి, ‘రైతులకు అవగాహన లేదు’ అని మైకులో అరుస్తారు. ఎవరికయ్యా లేనిది? విత్తనానికి అప్పు తెచ్చినవాడికా, జూన్‌లో లేచే పురుగు కోసం సెప్టెంబరులో కారు దిగే నీకా?

ఆ రాత్రి తీసిన వీడియో బావగారికి పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది: ‘అది కరివేప అయ్యుంటుంది, మళ్లీ చూసుకో బావా.’