దిగమంటే దిగే సీటుకు

గౌరవనీయులైన డ్రాపర్ పోస్ట్ గారికి,

హైదరాబాదు నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను, నా బీపీ మాత్ర, నా కుడి మోకాలు క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. కానీ పోయిన ఆదివారం వికారాబాద్ అనంతగిరి కొండ మీద ఏం జరిగిందో మనిద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట రాయను. ఇక ఈ మీరూ, గారూ కూడా వద్దులే. నీదీ పోస్టే, నాదీ ఒకప్పుడు పోస్టే.

నీ గురించి తెలియనివాళ్ళు ఈ ఉత్తరం చదివితే ఏ ప్రభుత్వ పథకం గురించో అనుకుంటారు, కాబట్టి ముందు పరిచయం. నువ్వు కొండలెక్కే సైకిల్‌కు సీటు కింద ఉండే గొట్టానివి. హ్యాండిల్‌కు ఎడమవైపు బొటనవేలి కింద ఒక మీట. అది నొక్కి కూర్చుంటే సీటు 150 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. బరువు తీసి మళ్ళీ నొక్కితే పైకి లేస్తుంది. మీట నొక్కితే సీటు దిగడం మన రాష్ట్రాల్లో ఐదేళ్ళకోసారి, అదీ ఈవీఎం దగ్గర, వేలికి సిరా పూయించుకుంటే గానీ జరగదు. నువ్వు మాత్రం అడిగిన ప్రతిసారీ మారు మాట్లాడకుండా దిగుతావు. అందుకే నువ్వంటే నాకు గౌరవం. అసూయ కూడా.

నేను 2017లో, 58 ఏళ్ళకు పోస్టు దిగాను. మీట ఎవరూ నొక్కలేదు, క్యాలెండరే నొక్కింది. ఒక శాలువా, ఒక గంధపు దండ, ఒక గోడ గడియారం. తర్వాత 2021లో తెలంగాణలో ఆ వయసు 61 చేశారు. 2022లో ఆంధ్రలో 62 అయింది. అక్కడి మా బావమరిది నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ కూర్చున్నాడు. ఆ నాలుగేళ్ళూ ఎప్పుడు ఫోన్ చేసినా "ఆఫీసులో ఉన్నా బావా" అనేవాడు, కావాలనే. నీకు ఈ బాధ లేదు. దిగినా మళ్ళీ లేపుతారు.

నేను పనిచేసింది రోడ్లు వేసే శాఖలో. పేరెందుకులే. ఇప్పుడు 66 ఏళ్ళ వయసులో రోడ్డు లేని చోటు వెతుక్కుంటూ, ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిల్‌ను కారెక్కించుకుని, తెల్లవారుజామున డెబ్భై ఎనభై కిలోమీటర్లు వెళ్తున్నాను. మా ఆవిడకు ఇది అంతుపట్టదు. "ఏమండీ, ముప్పై మూడేళ్ళు గుంతలు పూడ్చే శాఖలో చేశారు. ఇప్పుడు గుంతల కోసం వికారాబాద్ దాకా వెళ్ళాలా? మన కాలనీ గేటు దాటితే చాలదా?" అంటుంది. సమాధానం నా దగ్గర లేదు. ఆ గుంతలు మావాళ్ళవి, వాటి మీద నాకు మొహమాటం.

మన పరిచయం మా అబ్బాయి వల్ల. వాడు శాన్ హోసేలో ఉంటాడు. ఆర్నెల్ల వీసా మీద మేం వెళ్ళినప్పుడు, అందరూ తల్లిదండ్రులను లివర్మోర్ గుడికి తీసుకెళ్తుంటే, వీడు నన్ను ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడ సైకిళ్ళ మ్యూజియం ఉంది. మౌంటెన్ బైకింగ్ మొదలైంది ఆ చుట్టుపక్కల కొండల్లోనేనట. 1976 అక్టోబరులో కొందరు జులపాల కుర్రాళ్ళు పాత బండ సైకిళ్ళేసుకుని, సుమారు మూడు కిలోమీటర్లలో 1,300 అడుగులు దిగిపోయే మట్టిదారిలో పందెం పెట్టుకున్నారు. వాటికి ఉన్నది పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే. కిందికి చేరేసరికి చక్రం ఇరుసులో గ్రీజు కాలి పొగ వచ్చేది. మళ్ళీ గ్రీజు కూరితే గానీ చక్రం పనికొచ్చేది కాదు. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. అవి చూస్తుంటే మా ఊళ్ళో పాలు పోసే అతని సైకిల్ గుర్తొచ్చింది. దానికి బ్రేకు ఉండేది కాదు, అతని చెప్పు ఉండేది.

మీ తాతగారి సంగతీ అక్కడే తెలిసింది. ఆ పందేల్లో పాల్గొన్న జో బ్రీజ్, ఇంకో స్నేహితుడు కలిసి 1980ల్లో సీటు గొట్టానికి ఒక స్ప్రింగు బిగించారు. క్లాంపు వదులు చేసి కూర్చుంటే సీటు దిగేది, లేస్తే లేచేది. వంద గ్రాములు కూడా ఉండదనిపించే తీగముక్క. నువ్వేమో అరకిలో పైమాటే, లోపల నూనె, గ్యాసు, వాల్వు, ఒక కేబులు. మూడు తరాల్లో ఒళ్ళు రావడం మీ ఇంట్లోనూ ఉందన్నమాట.

ఆ తర్వాత సంక్రాంతికి వాడు హైదరాబాద్ వస్తూ నిన్ను సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. నువ్వొచ్చిన చోటులోనే ఆవకాయ డబ్బాలు వెళ్ళాయి. ఆ లెక్కన మా ఆవిడ దృష్టిలో నీ ఖరీదు మూడు కిలోల ఆవకాయ.

నిన్ను బిగించడం మాత్రం ఒక ప్రాజెక్టు. నీ వ్యాసం 30.9 మిల్లీమీటర్లు, నా ఫ్రేము రంధ్రం 31.6. ఏడు పదోవంతుల మిల్లీమీటరు తేడా! మా శాఖలో అరమీటరు తేడా వచ్చినా బిల్లు పాసయ్యేది. దాని కోసం పల్చటి అల్యూమినియం తొడుగు వెతకడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. కేబులేమో ఫ్రేము లోపల్నుంచి వెళ్ళాలి. లంగాకు బొందు ఎక్కించడం చూశావా? పిన్నీసు గుచ్చి, గుడ్డను ముడతలు చేస్తూ లాగుతారు. ఇక్కడ గుడ్డ లేదు, ముడతలు పడని కార్బన్. మూడు సాయంత్రాలు టార్చిలైటు పట్టుకుని గొట్టంలోకి చూస్తూ కూర్చుంటే, మా అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చి "ఏమన్నా పడిపోయిందా సార్?" అని అడిగాడు. పరువు పడిపోయింది, దొరకలేదు.

మొదటి పరీక్ష బేస్‌మెంట్‌లోనే. మీట నొక్కాను, కూర్చున్నాను, దిగావు. ఎంత మర్యాద అనుకుని, కాస్త పైకి లేచి మళ్ళీ నొక్కాను. నువ్వు దబ్బున లేచిన వేగానికి నేను పలికిన శబ్దం విని వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఎక్కడ తగిలిందో బహిరంగ లేఖలో రాయలేను. లేపేటప్పుడు పూర్తిగా పక్కకి జరిగి లేపాలని నీ పెట్టె మీద పెద్దక్షరాల్లో రాయాలి. సిగరెట్ పెట్టె మీద రాస్తున్నారు కదా.

ఇక నీ ఉద్యోగం ఏమిటో చూద్దాం. నీ ప్రకటనల్లో ఎప్పుడూ ఒక పాతికేళ్ళ కుర్రాడు బండరాయి అంచు నుంచి గాల్లో ఉంటాడు. దిగుడులో సీటు అడ్డుండకూడదు, బరువంతా పాదాల మీద ఉండాలి, పెడళ్ళు రెండూ సమానంగా, మడమలు కిందికి, మోచేతులు బయటికి, చూపు చక్రం మీద కాదు పది గజాల ముందు. నడుం వంచకూడదు, తొంటి దగ్గర వంగాలి. ఈ చివరిది నేర్పడానికి మా గుంపులోని కుర్రాడు ఒకడు నాకు వీడియోలు పంపేవాడు. నాకు వీడియోలెందుకు? మా అమ్మ వరి నాట్లు వేసేది. బురదలో కాళ్ళు నిలదొక్కుకుని, వెన్ను తిన్నగా ఉంచి, తొంటి దగ్గర మడత పడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగేది. మొదటిసారి ఆ భంగిమలో రాళ్ళ మీదుగా దిగినప్పుడు సైకిల్ కింద అటూ ఇటూ ఊగింది, నేను ఊగలేదు. కిందికొచ్చాక కుర్రాళ్ళు "అంకుల్, సూపర్!" అన్నారు. అంకుల్ అనకుండా సూపర్ అనలేరా వీళ్ళు?

ఇప్పుడొక నిజం చెప్తాను, మన మధ్యే ఉండనీ. బహిరంగ లేఖే గానీ, ఇంత దూరం చదివేవాళ్ళు ఎంతమంది ఉంటారులే. నిన్ను నేను దిగుడులో వాడేది పావు వంతే. మిగతాదంతా సైకిల్ ఎక్కడానికీ దిగడానికీ.

నవ్వకు. సీటు సరైన ఎత్తులో ఉంటే పెడల్ కిందికొచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. అంతకంటే దించి తొక్కితే బరువంతా మోకాటి చిప్ప మీద పడుతుంది. నాకసలే గుజ్జు అరిగిందని డాక్టరు బల్ల మీద ఎక్స్‌రే పెట్టి మరీ చూపించాడు. అంత ఎత్తు సీటు మీదుగా కాలు తిప్పి అవతలికి వేయాలంటే యాభై దాటాక తొంటి ఒప్పుకోదు. అరవై దాటాక అసలు వినిపించుకోదు. నీకంటే ముందు నేను ఫుట్‌పాత్ అంచు వెతుక్కుని, దాని మీద నిలబడి ఎక్కేవాణ్ణి. ఫుట్‌పాత్ లేని చోట, అంటే మన ఊళ్ళో దాదాపు అన్ని చోట్లా, సైకిల్‌ను పడుకోబెట్టి, దాని మధ్యలో నిలబడి, మనిషీ సైకిలూ కలిసి లేచేవాళ్ళం. గేదె లేచినట్టు. ఇప్పుడు నొక్కుతాను, నువ్వు దిగుతావు, కాలు ఎత్తి అవతలేస్తాను. కొండ మీద హఠాత్తుగా ఆగాల్సి వస్తే రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనతాయి. ఒక్క మునివేలి మీద నిలబడి, పక్కకి ఒరిగి, మెల్లగా, చాలా మెల్లగా, అందరూ చూస్తుండగా పడిపోయే రోజులు పోయాయి. బండరాయి మీద నుంచి దూకడానికి కనిపెట్టిన వస్తువు నాకు అరుగులా పనికొస్తోంది. మీ కంపెనీవాళ్ళు ఒక్క ప్రకటనలోనైనా మోకాలికి పట్టీ కట్టిన పెద్దమనిషిని సిగ్నల్ దగ్గర రెండు కాళ్ళూ ఆనించి నిలబెట్టి చూపిస్తే, మా వాకింగ్ క్లబ్ మొత్తం క్యూలో ఉంటుంది.

నీ అన్నదమ్ములను నేను చూశాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచారు. అద్దంలా ఉంటుంది. దాని మీద నీలాంటి గొట్టం బిగించిన కొండ సైకిళ్ళు, ముళ్ళ టైర్లు బర్రుమంటూ తిరుగుతుంటాయి. సన్న టైర్ల రేసు సైకిళ్ళేమో కాలనీ గుంతల్లో పంక్చరై నడిపించుకుపోతుంటాయి. ఇలాంటి పంపకం మేం బదిలీల్లో చేసేవాళ్ళం. చక్రాల సంగతి అడగనే వద్దు. ఒకప్పుడు 26 అంగుళాలు చాలన్నారు, తర్వాత 29 అన్నారు, మధ్యలో 27.5 మూడో ఫ్రంటులా వచ్చింది. ఇప్పుడు ముందు 29, వెనక 27.5, అర్ధనారీశ్వరుడిలా.

సరే, పోయిన ఆదివారానికి వద్దాం. అనంతగిరిలో ఎర్రమట్టి ఎక్కుడు, వాన పడి రెండ్రోజులు. మొదటి పది నిమిషాలు బాగానే ఉన్నావు. తర్వాత నాకెందుకో మోకాళ్ళు పైకొస్తున్నట్టనిపించింది. ఆయాసం వల్ల భ్రమేమో అనుకున్నాను. ఇంకాస్త పోయాక మోకాలు గడ్డానికి దగ్గరైంది. నేను మీట ముట్టుకోలేదు, ప్రమాణపూర్తిగా! నువ్వే, తొక్కుకో మిల్లీమీటరు చొప్పున, ఎవరికీ తెలియకుండా దిగిపోతున్నావు. కొండెక్కేసరికి మూడు చక్రాల సైకిల్ మీద మనవడిలా ఉన్నాను. పక్కనుంచి వెళ్తున్న కుర్రాడు "అంకుల్, సీటు పైకెత్తుకోండి" అని సలహా ఇచ్చాడు. ఎత్తితే ఉంటే కదా!

ఒక పెద్ద సైకిల్ షాపుకు తీసుకెళ్ళాను. ఏసీ, కాఫీ మిషను, గోడకు నీ ప్రకటన. కౌంటర్ కుర్రాడు నిన్ను ముట్టుకోకుండానే లోపల నూనె, గ్యాసు ఉండే కార్ట్రిడ్జ్ పోయిందని, విడిగా దొరకదని, కొత్త పోస్టు ఇరవై రెండు వేలని చెప్పాడు. వయసు చూసి మార్చేయమనడం నాకు కొత్త కాదు. ఇంటికొస్తూ వీధి చివర పంక్చర్ షాపు దగ్గర గాలి కోసం ఆగాను. అక్కడి భాయ్ నిన్ను నాలుగుసార్లు దించి లేపి, పిల్లాడిలా సంబరపడ్డాడు. "మనిషి కూసుంటే దిగేదానికి సీటెందుకు సార్? ఒక బోల్టు దింపుతా, ఇగ జన్మల దిగది" అన్నాడు. నేను గుండె పట్టుకున్నాను. ఇంకోసారి మీట ఆడించి, "ఈ తీగేంది సార్, ఇంత బిర్రుగున్నది? బ్రేకు తీగ గిట్ల బిగిస్తే చక్రం పట్టేస్తది" అన్నాడు.

అక్కడ నాకు వెలిగింది. కేబుల్ మరీ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, నూనె కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటుంది. కాలువ షట్టరు కింద కర్రముక్క ఇరుక్కున్నట్టు. బిగించింది నేనే, ముందురోజు రాత్రి, మీట మెత్తగా ఉండాలని. హ్యాండిల్ దగ్గరి చిన్న మరను అర చుట్టు వదులు చేశాను. భాయ్ గాలికి పది రూపాయలు తీసుకున్నాడు, సలహాకి తీసుకోనన్నాడు.

కాబట్టి ఈ లేఖ మొదట నిన్ను తిట్టడానికి మొదలుపెట్టాను, ఇక్కడికొచ్చేసరికి సగం క్షమాపణ అయింది. పూర్తి క్షమాపణ కాదు. ఆ దబ్బున లేవడం సంగతి నేను మర్చిపోలేదు. మెడ దగ్గర సీలు తుడిచి పెట్టాను, రాసిందీ సిలికాన్ గ్రీజే, కొబ్బరినూనె కాదు. నిన్ను కిందికి దించి ఉంచి సీటు పట్టుకుని కారు మీదికి లేపే అలవాటు కూడా మానేస్తాను, దాంతో లోపల గాలి దూరుతుందట. ఈ ఆదివారం నాలుగున్నరకు బయల్దేరతాం. నువ్వు చేయాల్సింది ఒక్కటే, నేను నొక్కితేనే దిగు.

ఇట్లు,
నీ మీద కూర్చునేవాడు

తా.క. మొన్న మనవరాలి అక్షరాభ్యాసానికి పీటల మీద కూర్చుని లేవలేక ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుంటే, మా ఆవిడ చెవిలో అడిగింది: "మీ సైకిల్ సీటులాంటిది పీటకు దొరకదా?" అని. 150 మిల్లీమీటర్లు చాలవు, కనీసం 400 కావాలి. లేచేటప్పుడు మాత్రం మెల్లగా లేవాలి. మీవాళ్ళలో ఎవరైనా ఉంటే చెప్పు.