పబ్లిక్ టాక్ మైకు గారికి మనవి

మహారాజశ్రీ పబ్లిక్ టాక్ మైకు గారికి,

ఒక మామూలు ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. ప్రతి శుక్రవారం పొద్దున్నే థియేటర్ మెట్ల దగ్గర, మెడకి యూట్యూబ్ చానల్ లోగో డబ్బా, నెత్తిన స్పాంజి టోపీ పెట్టుకుని దర్శనమిస్తూనే ఉన్నారు.

తమరొచ్చాక సినిమా గురించి ఓ అభిప్రాయానికి రావడం చాలా తేలికైపోయింది. అంతకుముందు జనానికి అదొక పెద్ద పని. హాలు బయటికొచ్చి, సైకిల్ స్టాండు టోకెన్ ఏ జేబులో ఉందో వెతుక్కుని, బజ్జీల బండి దగ్గర కాసేపు నిలబడి, ఇంటికెళ్లి అన్నాలు తిని, అప్పటికీ ఏమీ తేలక పడుకునేవాళ్లు. మూడోనాడు ఏ బియ్యం ఏరుతూనో మా అమ్మ ఉన్నట్టుండి, "ఆ తండ్రి కొడుకుని అంత మాట అనకుండా ఉండాల్సింది" అనేది. ఇప్పుడలా మూడ్రోజులు ఆగితే సినిమానే ఉండదు. అందుకే ఎండ్ టైటిల్స్ పడుతుండగానే తమరు గేటు దగ్గర రెడీ. కళ్లు ఇంకా వెలుతురుకి అలవాటు పడవు, ఫోన్ సీట్లోనే వదిలేశామేమోనని జేబులు తడుముకుంటూ ఉంటాం, ఈలోగా మూతి ముందు మైకు. "ఎలా ఉందన్నా సినిమా?"

చెప్పడానికి మాటలు దొరక్క ఇబ్బంది పడతామని అవి కూడా తమరే సరఫరా చేశారు. ఫస్టాఫ్ ఓకే. సెకండాఫ్ కాస్త ల్యాగ్. ఇంటర్వెల్ బ్యాంగ్ అరాచకం. బీజీఎం డ్యూటీ ఎక్కింది. ఎమోషన్ కనెక్ట్ కాలేదు. వన్ టైమ్ వాచబుల్. ఇవి ఆలుగడ్డల్లాంటివి, ఏ కూరలోనైనా పడతాయి. పౌరాణికమైనా, దెయ్యం సినిమా అయినా, పల్లెటూరి ప్రేమకథ అయినా ఇవే ముక్కలు అటూ ఇటూ మార్చి వడ్డించొచ్చు. మా పక్కింటి ఇంటర్ కుర్రాడైతే టికెట్ బుక్ చేసిన రోజే రివ్యూ రెడీ చేసుకుంటాడు. సినిమా చూశాక "ఓకే" ఎక్కడ, "అరాచకం" ఎక్కడ అన్నదొక్కటే తేల్చుకోవాలి.

మొన్న మా ఊళ్లో మ్యాట్నీ వదిలినప్పుడు తమరి పనితనం దగ్గర్నుంచి చూసే భాగ్యం కలిగింది. ఒకావిడ మెట్లు దిగుతోంది. భుజం మీద నిద్రపోతున్న పాప, ఒక చేతిలో సగం మిగిలిన పాప్‌కార్న్ డబ్బా, పళ్ల మధ్య స్కూటీ తాళం. తమరు అడ్డం వెళ్లారు. ఆవిడ తాళం చేతిలోకి తీసుకుని, "బాగుందండీ. పాప పడుకుంటే నాకూ కాసేపు కునుకు పట్టింది. ఏసీ బాగా వేశారు" అంది. రాత్రికి వీడియో వచ్చింది. "థియేటర్లోనే నిద్రపోయిన లేడీస్! షాకింగ్ టాక్!" ఆవిడ నోరు తెరిచిన బొమ్మ, చుట్టూ ఎర్ర గీత, పక్కన తల పట్టుకున్న హీరో. మొత్తం వెతికినా "బాగుందండీ" మాత్రం కనిపించలేదు. ఎడిటింగ్‌లో ల్యాగ్ అనిపించి తీసేసి ఉంటారు.

ఆవిడ వెనకే ఒక అభిమాని. జుట్టు నిండా కాగితం ముక్కలు, చొక్కా జేబు సగం ఊడి వేలాడుతోంది, గొంతు పూర్తిగా పోయింది. "ఇండస్ట్రీ హిట్ అన్నా, రాసిపెట్టుకో!" అన్నాడు. ఏ సీన్ బాగా నచ్చిందని తమరడిగారు. "టైటిల్ కార్డ్!" అన్నాడు. నాకైతే ఆ మధ్యాహ్నం దొరికిన అత్యంత నిజాయితీ గల సమీక్ష అదే. తర్వాతి వాడు "నేను న్యూట్రల్ ఆడియన్‌ని అన్నా" అని మొదలుపెట్టి దర్శకుణ్ణి, హీరోని, హీరో వంశాన్ని వరసగా కడిగేశాడు. మాట్లాడుతుండగా ఫోన్ వెలిగింది. వాల్‌పేపర్ మీద ఇంకో హీరో నవ్వుతున్నాడు.

అసలు తమరికి అమెరికాలో చుట్టాలుండటం మా ప్రాణానికొచ్చింది. అక్కడ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గురువారం ప్రీమియర్ పడుతుంది. ఇక్కడ మా ఇంటికి శుక్రవారం పాల ప్యాకెట్ రాకముందే వాట్సాప్‌లో "సెకండాఫ్ వీక్ అంట" అని వచ్చేస్తుంది. ఆ ముక్క చదివాక హాల్లో కూర్చున్నవాడు సినిమా ఏం చూస్తాడండీ? ఇంటర్వెల్ సమోసా తిని, చేతులు తుడుచుకుని, వీక్ ఎక్కడ మొదలవుతుందా అని కాపు కాస్తాడు. తెర మీద తల్లి ఏడుస్తుంటే "ఇదే అయ్యుంటుంది" అని పక్కవాణ్ణి గోకుతాడు. కాపు కాస్తే ఎక్కడో ఒకచోట దొరకనే దొరుకుతుంది. బయటికొచ్చి తమరికి అదే అప్పజెబుతాడు. డల్లాస్‌లో బయల్దేరిన మాట మా ఊరి మెట్ల మీద పబ్లిక్ టాక్ అయి కూర్చుంటుంది.

తమరి అన్నగారు రేటింగ్ గారి సంగతి వేరే ఉత్తరంలో రాసుకుంటాను. అయినా ఒక్క మాట. అయిదుకి రెండున్నర ఇస్తే ఫ్యాన్స్ తిడతారు, మూడిస్తే యాంటీ ఫ్యాన్స్ తిడతారు. మధ్యలో రెండు ముప్పావు అనే అజ్ఞాతవాసాన్ని కనిపెట్టినవాడికి దండ వేయాలి.

తమరు పాతకాలంలో లేకపోవడం కొందరి అదృష్టం. 1980లో శంకరాభరణం విడుదలైనప్పుడు మొదట్లో హాళ్లు ఖాళీగా ఉండేవి. చూసినవాళ్లు చూడనివాళ్లకి చెప్పగా చెప్పగా నిండాయి. ఆ మొదటాటకి తమరుండి ఉంటే? "హీరోకి యాభై దాటాయి బ్రో. ఫైట్లు లేవు. హీరోయిన్‌తో డ్యూయెట్ లేదు. అంతా పాటలే. ఓటీటీలో చూసుకోవచ్చు." ఇక చెప్పుకోవడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

తమరి తీర్పుకి అప్పీలు లేదంటారు గానీ, ఉంది. కాకపోతే వాయిదా కాస్త దూరం. 2010లో వచ్చిన ఖలేజా, ఆరెంజ్ రెండూ అప్పటి టాక్‌లో తప్పాయి. టీవీలో, ఫోన్లో చూసీ చూసీ జనం మనసు మార్చుకున్నారు. ఆరెంజ్‌ని 2023లో, ఖలేజాని 2025లో మళ్లీ వేస్తే హాళ్లలో తెర కంటే కుర్చీల్లోంచే పాటలూ డైలాగులూ గట్టిగా వినిపించాయి. ఆ రీరిలీజ్ రోజున కూడా తమరు గేటు దగ్గరే ఉన్నారు. "కల్ట్ అన్నా కల్ట్! అప్పుడే ఎందుకు ఆడలేదో!" అని ఒకడంటే తల ఊపుతూ రికార్డు చేసుకున్నారు.

ఇంత రాశానని తమరిని నిషేధించమనే బ్యాచ్‌లో నన్ను కలపకండి. 2024 నవంబరులో తమిళ నిర్మాతల సంఘం ఒకటి యూట్యూబ్ చానళ్లని థియేటర్ ఆవరణలోకి రానివ్వొద్దని యజమానుల్ని కోరింది. అదే ఏడాది కేరళ హైకోర్టు నియమించిన అమికస్ క్యూరీ, అంటే కోర్టుకి సలహా ఇచ్చే లాయరు, సినిమా వచ్చాక 48 గంటలు రివ్యూలు ఆపితే మంచిదని సూచించారు. మా నిర్మాతలకీ ఈ ఆలోచనలు నోరూరించేలాగే ఉంటాయి. కానీ ప్రీరిలీజ్ ఫంక్షన్లో "రాసిపెట్టుకోండి, చరిత్ర తిరగరాస్తాం, కాలర్ ఎగరేసుకుంటారు" అని ముందే టాక్ చెప్పింది వాళ్లే కదా. రెండోరోజు పోస్టర్ మీద "బ్లాక్‌బస్టర్ టాక్" అని వేసుకునేదీ తమరు పోగుచేసిన మాటలే. పొగిడితే ప్రేక్షక దేవుళ్లు, తెగిడితే నెగెటివ్ బ్యాచ్. టికెట్‌కి డబ్బులిచ్చినవాడు బాగోలేదంటే బాగోలేదనే. ఆ హక్కు మీద చెయ్యి వేస్తే నేను తమరి పక్షమే.

కాబట్టి నా మనవి చిన్నదే. రెండో వారం మంగళవారం మ్యాట్నీకి ఒకసారి దయచేయండి. అప్పటికి కటౌట్ దండలు ఎండిపోయి ఉంటాయి, అమెరికా వాళ్లు తర్వాతి సినిమాకి వెళ్లిపోయి ఉంటారు. హాల్లో ఓ పదిమంది ఉంటారేమో: కాలేజీ ఎగ్గొట్టిన జంట, ఎండకి తట్టుకోలేక లోపలికొచ్చిన మెడికల్ రెప్పు, రోజూ ఏదో ఒక ఆట చూసే రిటైర్డు మాస్టారు. వాళ్లని గేటు దగ్గర కాకుండా బయట టీ కొట్టు దాకా పోనిచ్చి, టీ సగం తాగాక అడగండి. మాస్టారికి మాత్రం ఎడమ చెవి సరిగ్గా వినపడదు, కుడివైపు నిలబడండి. ఆయన మొదలుపెడితే మీ మెమరీ కార్డు సరిపోదు, ఇంకోటి తెచ్చుకోండి.

ఇట్లు,
బాల్కనీ, చివరి వరస, ఫ్యాను కింద సీటు

తా.క. నిద్రపోయిన పాప తల్లి గారి "బాగుందండీ" తమరి హార్డ్ డిస్క్‌లో ఇంకా ఉంటే, దయచేసి అప్‌లోడ్ చేయగలరు.