దుమ్ము లేకపోతే పసిదేనా?

నిన్న మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ అదే ఫార్వర్డ్. దుమ్ము లేని క్వేజార్లు (గెలాక్సీ నడుమ వాయువును మింగుతూ భగభగా వెలిగే భారీ బ్లాక్ హోల్స్) దొరికాయట, అవి విశ్వం పసితనంలోవట, అప్పటికింకా దుమ్మే తయారవలేదట, అంతే సంగతులు. సగం నిజమే, కానీ మిగతా సగం మింగేస్తే ఎలా?

ఇక్కడ దుమ్మంటే టీవీ మీద పేరుకునేది కాదు, పొగలో మసి లాంటి సన్నటి రేణువులు. మామూలు క్వేజార్‌లో బ్లాక్ హోల్‌కి కాస్త ఎడంగా, ఇంకో అడుగు లోపలికేస్తే ఆవిరైపోయే హద్దు దగ్గర, ఈ మసి 1,500 డిగ్రీల దాకా కాగి కొలిమిలో బొగ్గులా పరారుణ కాంతి వెదజల్లుతుంది. ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగొస్తోందో గ్రాఫ్ గీస్తే 2, 3 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దగ్గర గీత ఎద్దు మూపురంలా లేస్తుంది. మూపురం లేదా, వేడి దుమ్ము లేదన్నమాట.

2010లో లిన్హువా జియాంగ్ బృందం స్పిట్జర్ టెలిస్కోపుతో చూసిన 21 దూరపు క్వేజార్లలో రెండింటికి ఆ మూపురం లేదు. వాటి వెలుగు బయల్దేరేనాటికి విశ్వానికి 100 కోట్ల ఏళ్లు కూడా నిండలేదు. పైగా ఆ రెండింటి బ్లాక్ హోల్స్ తోటివాటికంటే చిన్నవి (సూర్యుడికి 20, 30 కోట్ల రెట్లు, అదీ చిన్న!). బ్లాక్ హోల్ బలిసేకొద్దీ చుట్టూ దుమ్ము పోగవుతుంది, ఇవింకా ఆ దశకు రాలేదు అన్నారు. నాకూ నచ్చింది.

కానీ అదే ఏడాది హెంగ్ హావ్ వాళ్లు కాస్మోస్ అనే ఆకాశ సర్వేలో అంతకంటే చాలా తర్వాతి కాలపు క్వేజార్లలోనూ వేడి దుమ్ము బాగా తక్కువున్నవి పట్టుకున్నారు. ఆ గెలాక్సీల్లో నక్షత్రాలు పుట్టి, ముసలివై, పేలి వందల కోట్ల ఏళ్లుగా దుమ్ము ఊదుతూనే ఉన్నాయి, మరి వాటికి టైం చాలలేదని ఏ మొహం పెట్టుకుని అంటాం? దుమ్ము ఉండే ఉంటుంది, లోపలి అంచు దగ్గర నిలవట్లేదు. బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే వాయువు పళ్లెం నుంచి లేచే గాలులు ఊడ్చేసి ఉండొచ్చు, లేదా పళ్లెం ఒక వాలులో, దుమ్ము వలయం ఇంకో వాలులో ఉండి వెలుగు దానికి సరిగ్గా తగలకపోవచ్చు.

నాకు భలే ఇష్టమైనది ఇంకోటుంది. రెండు బ్లాక్ హోల్స్ కలిసినప్పుడు గురుత్వ తరంగాలు ఒక పక్కకే ఎక్కువగా పోతే, మిగిలినది తన్ను తిన్నట్టు తన పళ్లెం మాత్రం పట్టుకుని ఎగిరిపోతుంది, దుమ్ము వెనకే ఉండిపోతుంది. అలాంటిదైతే దాని స్పెక్ట్రంలో (వెలుగును రంగులుగా విడగొట్టిన పట్టీలో) బ్లాక్ హోల్ దగ్గరి వాయువు గీసే వెడల్పు గీతలు గెలాక్సీ గీతల నుంచి జరిగి కనబడాలి, కాబట్టి అన్నిటికీ ఇదే కారణమని నేననను.

ఇదంతా టైప్ చేసి గ్రూపులో పెడితే ఒకే ఒక్క థమ్సప్ వచ్చింది, మా బాబాయిది. ఆయన దేనికైనా చదవకుండానే పెడతారు.