పాత గేమింగ్ సిస్టమ్: మొత్తం మార్చే ముందు ఒకసారి బాక్స్ తెరవండి

2019, 2020 ప్రాంతంలో సికింద్రాబాద్ సీటీసీలోనో, దగ్గర్లోని కంప్యూటర్ షాపులోనో పిల్లల కోసం ఒక సిస్టమ్ అసెంబుల్ చేయించిన ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఆరు కోర్ల ఐ5 ప్రాసెసర్, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు, ఒక టీబీ హార్డ్ డిస్క్. లాక్‌డౌన్‌లో క్లాసులూ దానిమీదే, ఆటలూ దానిమీదే. ఇప్పుడు అది ఈడ్చుకుంటూ నడుస్తోందని, మొత్తం మార్చేయాల్సిందేనని ఇంట్లో పోరు మొదలవుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ తరం మెషీన్ ఉన్నవాళ్లు మొత్తం మార్చడానికి ఇంతకన్నా చెడ్డ సమయం ఈ మధ్య కాలంలో రాలేదు. ఒక్క భాగం మారిస్తే తీరే సమస్యకు కొత్త సిస్టమ్ కొనడం డబ్బు దండగ.

ఎందుకంటే ర్యామ్. 2025 రెండో సగంలో మొదలైన ధరల పెరుగుదల ఏడాది చివరికి చుక్కలు చూపించింది. ఏఐ డేటా సెంటర్లు అడిగే హెచ్‌బీఎం మెమొరీ తయారుచేసేదీ, మన ఇంటి కంప్యూటర్‌కు కావలసిన ర్యామ్ చిప్పుల్లో చాలా భాగం తయారుచేసేదీ ఆ మూడు కంపెనీలే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఎక్కడ లాభం ఎక్కువుంటే ఫ్యాక్టరీ అటు తిరుగుతుంది. క్రూషియల్ పేరుతో ఏళ్ల తరబడి మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే స్టోరేజీ) అమ్మిన మైక్రాన్, ఆ వ్యాపారం నుంచి పూర్తిగా తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించేసింది. ఏఎండీ ఏఎం5 బోర్డు తీసుకుంటే కొత్త తరం ర్యామ్ డీడీఆర్5 కొనక తప్పదు. ఇంటెల్ 12 నుంచి 14వ తరం వరకు దాని ముందు తరం ర్యామ్ డీడీఆర్4 పట్టే బోర్డులూ ఉన్నాయి కానీ, కొత్త డీడీఆర్4 కూడా ఇప్పుడు చవక కాదు. వీటి మీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంది. అందుకే మీ పాత బాక్సులో కూర్చున్న డీడీఆర్4 స్టిక్కులను తక్కువగా చూడొద్దు. బోర్డు మార్చనంత కాలం అవి మీకు పనికొస్తూనే ఉంటాయి.

సిస్టమ్ స్లో అయిందన్న మాట వినగానే ఏ భాగం స్లో అయిందని అడగాలి. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఆట సెట్టింగుల్లో వీ-సింక్ (ఆటను మానిటర్ వేగానికి కట్టేసేది), ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పరిమితి ఆపేసి, ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు వాడకం చూడండి. 97, 98 శాతం దగ్గర నిలబడితే కార్డు తన శక్తి మేరకు పనిచేస్తోంది, అంతకు మించి కావాలంటే కార్డే మార్చాలి. అరవై, డెబ్బై శాతం దగ్గర ఊగుతూ ఆట తడబడుతుంటే లోపం వేరేచోట ఉంది. రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించినా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే అడ్డుపడుతున్నది ప్రాసెసరో, ర్యామో. ఒకే స్టిక్ ఉన్న సిస్టమ్ సింగిల్ ఛానల్‌లో నడుస్తుంది, ప్రాసెసర్‌కు డేటా అందే దారి సగానికి తగ్గిపోతుంది. అలాంటిచోట మరో 8 జీబీ స్టిక్, అది సెకండ్ హ్యాండ్‌ది అయినా సరే, తేడా చూపిస్తుంది. ఇక విండోస్, ఆటలు ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉంటే, ఈ ధరల్లో కూడా మొదటి రూపాయి ఎస్‌ఎస్‌డీకే పెట్టాలి.

వేడి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. గుంటూరులో మా అన్నయ్య కొడుకు సిస్టమ్ ఎండాకాలంలో ఆట మొదలెట్టిన కాసేపు బాగానే నడిచి, తర్వాత ఆగి ఆగి నడిచేది. కొత్త ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ అంటూ వాడు లిస్టు కూడా రాసుకున్నాడు. పక్క ప్యానెల్ తీసి చూస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దట్టంగా అట్టకట్టి ఉంది, గాలి దూరే సందే లేదు. కూలర్ తీస్తే థర్మల్ పేస్ట్ ఎండి పొడిపొడిగా రాలింది. మెత్తని బ్రష్‌తో దులిపి, కొత్త పేస్ట్ పెట్టి బిగించాక ఆట మధ్యలో తడబడటం పోయింది. ప్రాసెసర్ వేడి వంద డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇది లోపం కాదు, దాని తయారీలోనే ఉన్న ఏర్పాటు. మన ఊళ్ల ఎండకూ, దుమ్ముకూ ఏడాదికోసారి ఈ పని చేయించకుండా సిస్టమ్ పాతబడిందనుకోవడం అన్యాయం.

విండోస్ సంగతి మరో టెన్షన్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసింది. ఇంటి వాడకందార్లకు అదనపు భద్రతా అప్‌డేట్లకు 2026 అక్టోబరు దాకా గడువిచ్చింది. విండోస్ 11కు ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 సిరీస్ నుంచి అర్హత ఉంది. మరి ఆ అర్హత ఉన్న సిస్టమ్‌లలో కూడా 'మీ పీసీ సరిపోదు' అని ఎందుకొస్తుంది? చాలాసార్లు కారణం బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ఒక స్విచ్. విండోస్ 11 అడిగే టీపీఎం అనే భద్రతా ఏర్పాటు పాత బోర్డుల్లో చాలావాటిలో ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉండే సెట్టింగ్ ఆన్ చేస్తే సరి. అసలు చిక్కు సెక్యూర్ బూట్‌తో, అంటే నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్‌తో వస్తుంది. కొన్ని అసెంబుల్డ్ సిస్టమ్‌లలో విండోస్‌ను పాత లెగసీ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత అమరిక ఉన్న డిస్క్ మీద వేసి ఇచ్చారు. దాంతో సెక్యూర్ బూట్ పనిచేయదు, విండోస్ 11లో వాలరెంట్ లాంటి ఆట తెరుచుకోదు. ఫైళ్లు బ్యాకప్ తీసుకుని, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో అదే డిస్క్ అమరికను జీపీటీకి మార్చి, బయోస్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి తిప్పితే తీరే సమస్య ఇది. దీనికోసం సిస్టమే మార్చమని సలహా ఇచ్చేవాళ్లను నమ్మొద్దు.

అయితే సెట్టింగులతో తీరని హద్దులూ ఉన్నాయి. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ ఉన్న కార్డునే అడుగుతాయి. జీటీఎక్స్ కార్డులకు అక్కడ దారి లేదు. 2016 నాటి జీటీఎక్స్ 1060 తరానికి ఎన్విడియా కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసింది. మీరు ఆడాలనుకున్నవి ఇలాంటి ఆటలే అయితే కార్డు మార్చడం సబబే. 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, 8 జీబీ ఆర్ఎక్స్ 6600 లాంటివి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే 1080 మానిటర్‌కు చాలు. మానిటర్ సెకనుకు 60 ఫ్రేములే చూపే 60 హెర్ట్జ్‌దే అయితే అంతకంటే పెద్ద కార్డు ఇచ్చే అదనపు ఫ్రేములు మీ కంటికి చేరవు. కార్డు కొనేటప్పుడు షాపులోనే అరగంట ఆట నడిపించి చూడండి.

ఇక్కడే చాలామంది మర్చిపోయేది ఎస్ఎంపీఎస్, అంటే సిస్టమ్‌కు కరెంటు అందించే పవర్ సప్లై. జీటీఎక్స్ 1650లో చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబులే అక్కర్లేదు, 75 వాట్లతో నడిచిపోతాయి. ఆర్‌టీఎక్స్ 3060 లాగేది 170. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ మీద ఆ భారం పెడితే, ఓల్టేజీ ఎగుడుదిగుళ్లుండే మన కరెంటుకు అది పోతే పోయింది, పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోవచ్చు. కార్డు బడ్జెట్‌లోనే మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ లెక్క కలపాలి. కుదరకపోతే కార్డు ఒక మెట్టు తగ్గించుకోవాలి.

ఏఎం5కు ముందు తరమైన ఏఎండీ ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2017లో రైజెన్ 1600తో కొన్న చాలా బోర్డుల మీద బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు, ర్యామ్ అదే వాడుకోవచ్చు. అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. కూలర్ తీసే ముందు కాసేపు ఆట నడిపి వేడెక్కించి, మెల్లగా తిప్పుతూ తీయాలి. లేకపోతే ఎండిన పేస్ట్‌కు అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి.

జీటీఏ 6 కోసమే కొత్త సిస్టమ్ కావాలనే పిల్లలకు ఒక మాట. 2026 నవంబరు 19 అని ఆట తయారుచేసే రాక్‌స్టార్ తేదీ ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకు, పీసీకి కాదు. జీటీఏ 5 కన్సోళ్లలో 2013 సెప్టెంబరులో వస్తే, పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. పీసీ తేదీ, దానికి ఏ హార్డ్‌వేర్ కావాలో బయటికి రాకముందే డబ్బు ఖర్చుచేయడంలో అర్థం లేదు.

డీడీఆర్3 ర్యామ్ మీద నడిచే 4వ తరం ఇంటెల్ సిస్టమ్ ఉన్నవాళ్లకు మాత్రం ఈ సలహాలేవీ వర్తించవు. దాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. అలాగని కొత్తది కొననూ అక్కర్లేదు. 16 జీబీ డీడీఆర్4తో ఉన్న సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌ను మొత్తంగా, బిల్లులతో సహా అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి. విడిభాగాలుగా కొంటే ర్యామ్ దగ్గరే బడ్జెట్‌లో పెద్ద ముక్క ఎగిరిపోతుంది.