‘పండగ పూట ఎందుకు’ అనకండి

పోయిన థాంక్స్‌గివింగ్‌కి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో అన్నయ్య ఇంట్లో అందరం కలిశాం. వదిన పులిహోర, గోంగూర మటన్ చేసింది. భోజనాలయ్యాక అన్నయ్య ఒక ఫైలు తెచ్చి చెల్లాయి ముందు పెట్టాడు. తెనాలి దగ్గరి పొలం తాలూకు హక్కు విడుదల పత్రం. “ఓసారి చూసి ఓకే అనమ్మా. న్యూజెర్సీ వెళ్ళాక కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపిద్దువుగాని” అన్నాడు.

చెల్లాయి చదివింది. “స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని రాయించావు. నన్నెప్పుడు అడిగావు అన్నయ్యా?”

“నీ పెళ్ళికి నాన్న రెండెకరాలు అమ్మాడు. గుర్తు లేదా?”

“నీ ఎమ్మెస్‌కి అమ్మిన ఎకరంన్నర మాత్రం ఎవరికీ గుర్తుండదు.”

పిల్లలు టీవీ సౌండ్ తగ్గించారు. నాకు టెన్షన్ వచ్చి, “పండగ పూట ఇవన్నీ ఎందుకు చెల్లాయ్” అన్నాను. ఫైలు తెచ్చిన అన్నయ్యను ఏమీ అనలేదు. చెల్లాయి మారుమాట్లాడకుండా పైగదిలోకి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మన ఇళ్ళల్లో ఆడపిల్ల సంతకాన్ని లాంఛనంగా చూస్తాం. కానీ అది ఆమె ఆస్తి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కానివాళ్ళకు అది వర్తించింది. మా చెల్లాయి పెళ్ళి 1994లో. 2005లో కేంద్రం ఆ పెళ్ళి షరతు లేకుండా దేశమంతటికీ అదే హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న వాదన కూడా చెల్లదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక తండ్రి వీలునామా రాయకుండా పోతే, స్వార్జితంలో కూతురి వాటా 1956 నుంచీ ఉన్నదే.

పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అంటారు. ఇచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు కొడుకుల చదువులకు, వీసాలకు, ఇక్కడి మొదటి ఇంటి డౌన్ పేమెంటుకు ఊరినుంచి వచ్చిన డబ్బు కూడా అదే కాగితం మీద రాయాలి. చెల్లెలు నిజంగానే వద్దనుకుని వదులుకుంటే అది ఆమె ఇష్టం. వదులుకోకపోతే ఆమెది అత్యాశ అని వదినలు, మరదళ్ళు చెవులు కొరుక్కోవడం అన్యాయం. ఆమెకు నెల ముందే పత్రం పంపాలి, తన లాయరుకు చూపించుకునే వ్యవధి ఇవ్వాలి. ఇక్కడి మన తెలుగు సంఘం ట్యాక్సుల మీద, ఇమిగ్రేషన్ మీద సదస్సులు పెడుతోంది. వారసత్వం మీద కూడా ఒకటి పెట్టాలని, దానికి అన్నదమ్ములు తప్పక రావాలని నా విన్నపం.

సంక్రాంతి నాడు చెల్లాయికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. పాస్‌బుక్కు, సర్వే నంబర్ల కాపీలు అన్నయ్యకూ, చెల్లాయికీ పంపాను. పొలం అమ్మాలా, ఉంచాలా అన్నది ఇంకా తేలలేదు. ఈ ఆదివారం రాత్రి మళ్ళీ మాట్లాడుకుంటున్నాం.