సుషుప్తికి ఐదొందలు కోత

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్క గోడ మీద పోయిన నెల రెండు కాగితాలు పక్కపక్కనే అంటించారు. మొదటిదానికి చుట్టూ పూల బార్డరు. మధ్యలో: "సమస్తం చైతన్యమే. చైతన్యం తప్ప వేరే వస్తువు లేదు. ఆదివారం ఉదయం 7 గంటలకు టెర్రస్ మీద సత్సంగం. టిఫిన్ ఉంటుంది." రెండోదానికి బార్డరు లేదు. "డ్యూటీలో నిద్రపోయి, ట్యాంకు పొర్లిపోవడానికి కారణమైనందుకు వాచ్‌మన్ జీతంలో రూ. 500 కోత విధించడమైనది." రెండింటి కిందా ఒకటే సంతకం. మా సెక్రెటరీ గారిది.

కరెంటు పోయి ఉండడంతో లిఫ్టు కోసం నిలబడి రెండూ నాలుగేసి సార్లు చదివాను. కరెంటు వచ్చేసరికి నన్ను ఒక ధర్మసందేహం పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

సెక్రెటరీ గారు మీకూ తెలిసిన మనిషే. అనంతపురంలో మా నెత్తిన పడ్డాడు గానీ, కర్నూల్లో అయితే కొండారెడ్డి బురుజు దగ్గర వాకింగులో తగులుకుంటాడు, కడపలో అయితే పెళ్లి భోజనంలో మీ పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. ఆయన నోట్లోంచి 'క్వాంటం' అనే మాట ఎప్పుడు ఊడిపడుతుందా అని మీరు పాయసం వైపు చూస్తూ లెక్కపెట్టుకుంటుంటారు. రిటైరయ్యేదాకా ఫైలు తప్ప మరో పదార్థం ఉందని ఆయన ఒప్పుకోలేదు. బెంగళూరులో మూడు రోజుల శిబిరానికి పోయొచ్చాక ఫైలు కూడా లేదంటున్నాడు. ఇంతకుముందు మెయింటెనెన్స్ లెక్కలు అడిగితే "నాకేమెరుక, ట్రెజరర్‌ని అడగండి" అనేవాడు. ఇప్పుడు "అంతా ఎరుకే" అంటున్నాడు. లెక్కలు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

ఆదివారం నేను టెర్రస్ మీదికి వెళ్లాను. ఇరవై మందిమి పోగయ్యాం. పద్దెనిమిది మంది ఉగ్గాని బజ్జీ కోసం వచ్చినవాళ్లు. ఆ లెక్కలో నేనూ ఉన్నాను. సెక్రెటరీ గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "ఈ కుర్చీ లేదు, కుర్చీ అనే ఎరుక మాత్రమే ఉంది" అని మొదలుపెట్టి, నీళ్లు కూడా అంతే అన్నాడు. మూడో అంతస్తు పెద్దావిడ చెయ్యెత్తి, "మా ఇంటికి ఆ ఎరుక నాలుగు దినాల నుంచి రాలేదప్పా" అంది. ఆయన కళ్లు మూసుకుని నవ్వాడు. కళ్లు మూసుకుని నవ్వడం శిబిరంలో రెండో రోజు నేర్పిస్తారనుకుంటాను.

నలభై నిమిషాలయ్యాక "సందేహాలున్నాయా?" అని అడిగాడు. నేను లేచాను. వాచ్‌మన్ తరఫున వకాల్తా పుచ్చుకున్నానని చెప్పి, మాండూక్యోపనిషత్తును సాక్ష్యంగా ప్రవేశపెట్టాను.

అయ్యా, మాండూక్యంలో ఉన్నవి మొత్తం 12 మంత్రాలు. మన అసోసియేషన్ నియమావళి కంటే చిన్నది, దానికంటే తేలిగ్గా అర్థమవుతుంది. మెలకువగా ఉండే జాగ్రత్తు, కలగనే స్వప్నం, సుషుప్తి, ఈ మూడింటికీ పైన నాలుగోది తురీయం. కోరికా కలా లేని గాఢనిద్ర సుషుప్తి అని ఐదో మంత్రం చెబుతోంది. ఆ నిద్రలో ఉన్నవాడు ఒట్టి మొద్దు కాదు. ఎరుకే ముద్దకట్టిన ప్రజ్ఞానఘనుడు, ఆనందాన్ని అనుభవించే ఆనందభుక్కు, అతని పేరే ప్రాజ్ఞుడు. ఆరో మంత్రం ఇంకా ముందుకు పోయి, ఇతడే సర్వేశ్వరుడు, ఇతడే సర్వజ్ఞుడు అంటోంది. రాత్రి రెండు గంటలకు మోటారు వేసి, గేటు పక్క నులక మంచం మీద ఒరిగిన మనిషి, తమరి సిద్ధాంతం ప్రకారమే, ఆ సమయానికి సర్వేశ్వరుడు. సర్వేశ్వరుడికి ఐదొందలు కోసే అధికారం అసోసియేషన్‌కు ఏ నియమం కింద వచ్చింది?

సెక్రెటరీ గారు మంచినీళ్లు తాగాడు. నేను ఆగలేదు. తమరు విచారణ జరిపినప్పుడు వాచ్‌మన్ ఇచ్చిన వాంగ్మూలం రిజిస్టర్‌లో ఉంది: "బాగా నిద్ర పట్టింది సార్. ఏమీ తెలీలేదు." అయ్యా, ఈ ఒక్క మాట మీద అద్వైతులు వందల ఏళ్లు వాదించారు. 'హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు' అని లేచాక చెప్పగలుగుతున్నాడంటే, ఏమీ తెలియకపోవడాన్ని గమనిస్తూ లోపల ఎవరో మేలుకునే ఉన్నారని గదా వాళ్ల వాదం! కాబట్టి వాచ్‌మన్ నేరం ఒప్పుకోలేదు. చైతన్యం నిద్రలోనూ ఆరిపోదని సాక్ష్యం ఇచ్చాడు. తమరికి ప్రవచనానికి పనికొచ్చే మాటకు బహుమతి ఇవ్వాల్సింది పోయి జీతం కోశారు. నిద్రలో చైతన్యం ఉండదని, అది ఆత్మకు వచ్చిపోయే గుణం మాత్రమేనని చెప్పినవాళ్లు న్యాయదర్శనం వాళ్లు, నైయాయికులు. అంటే తమరు టెర్రస్ మీద అద్వైతి, జీతాల రిజిస్టర్ దగ్గర నైయాయికుడు. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి, మేమూ దాన్నిబట్టి మెయింటెనెన్స్ కడతాం.

నాలుగో అంతస్తులోని కుర్రాడు పడీపడీ నవ్వాడు. సెక్రెటరీ గారు సీసీటీవీని రంగంలోకి దించాడు. నిద్రపోవడం అందులో రికార్డయింది, ఆయనే స్వయంగా చూశాడు. మరి పది నిమిషాల కిందటేగా, చూసేవాడు లేకపోతే వస్తువే లేదని సైన్సు తేల్చేసిందన్నారు? తమరు ఉదయం ఎనిమిదికి లేచి ఫుటేజీ చూసేదాకా ట్యాంకు పొర్లినట్టా, పొర్లనట్టా? తమరు చూడటం వల్లే పొర్లి ఉంటే కోత ఎవరి జీతంలో పడాలి? (అణువుల లోపలి సంగతులు చూసే ఆ క్వాంటం సైన్సుకొస్తే, అక్కడ 'చూడటం' అంటే కొలవడం. కొలవడానికి ఒక పరికరం చాలు, దాని వెనక కళ్లు మూసుకుని నవ్వే మనిషి ఉండనక్కర్లేదు. మనిషి మనసు వల్లే ఆ కొలత తేలుతుందేమోనని విగ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త 1961లో ఒక వ్యాసంలో వాదించాడు. తర్వాత ఆయనే ఆ మాట వదులుకున్నాడు. మా సెక్రెటరీ గారికి ఆ రెండో వార్త ఇంకా అందలేదు.)

అప్పుడు తీశాడు ఆయన అసలు అస్త్రం. "మీరు చెప్పేది పారమార్థికం, పరమసత్యం సంగతి. జీతం వ్యావహారికం, రోజువారీ లోకం సంగతి. రెండూ కలపకూడదు."

దీనికి నేను చాలాసేపు ముగ్ధుడినైపోయాను. మా అపార్ట్‌మెంట్‌కు ఐదంతస్తులు ఉన్నాయనుకునేవాడిని. నిజానికి రెండే. నీళ్లు రాలేదంటే, లిఫ్టు ఆగిందంటే, లెక్కలేవీ అంటే అవన్నీ పారమార్థికం అంతస్తుకు పోతాయి. అక్కడ నీళ్లూ లేవు, లిఫ్టూ లేదు, లెక్కా లేదు. వసూళ్లు, ఫైన్లు, కోతలు వ్యావహారికం అంతస్తులో జరుగుతాయి. అక్కడ ప్రతి రూపాయీ నిఖార్సైన సత్యం. ఎవరి కాగితం ఏ అంతస్తుకు పోవాలో నిర్ణయించే లిఫ్టు మీట మాత్రం ఆయన జేబులో ఉంది.

పాపం, ప్రశ్నను అనడానికేమీ లేదు. చైతన్యమే మూలమా, పదార్థమే మూలమా అన్నది పెద్ద ప్రశ్న. పదార్థం కంటే చైతన్యమే మూలమని తాను భావిస్తున్నట్టు భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ 1931లో ఒక పత్రికతో అన్నాడు. మరోవైపు మన చార్వాకులు ఆకు, వక్క, సున్నం కలిస్తే ఎరుపు పుట్టినట్టు మట్టి, నీరు లాంటి భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందన్నారు. కిళ్లీ వేసుకున్నప్పుడల్లా నాకు వాళ్లే గెలిచినట్టు అనిపిస్తుంది. 1998లో క్రిస్టాఫ్ కోక్ అనే మెదడు శాస్త్రవేత్త, ఇరవై ఐదేళ్లలో చైతన్యానికి మెదడులో ఆనవాలు స్పష్టంగా దొరుకుతుందని డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్తతో పందెం కాశాడు. 2023లో న్యూయార్క్ వేదిక మీద ఓటమి ఒప్పుకుని, వైన్ సీసాల పెట్టె అప్పగించాడు. ఓడినవాడు సీసాలు ఇచ్చాడు. సీసాలు పారమార్థికంగా లేవు పొమ్మనలేదు. ఆ చామర్సే 1996లో, ఏసీలో వేడిని చూసుకునే థర్మోస్టాట్‌కు కూడా ఒక పిసరు అనుభవం ఉండొచ్చేమోనని పుస్తకంలో చర్చించాడు. ట్యాంకు నిండగానే మోటారును దానంతటదే ఆపేసే అలాంటి పరికరం ఒకటి పెట్టించమని మేము రెండేళ్లుగా మొత్తుకుంటున్నాం. ఖర్చవుతుందన్నాడు సెక్రెటరీ గారు. ఆ పిసరు చైతన్యం కొనలేక, పద్దెనిమిది గంటలు పనిచేసే ఒక మనిషి చైతన్యాన్ని వాడుకుంటున్నాం, అది అలసిపోతే ఫైను వేస్తున్నాం.

ఇక ఆదిశంకరులు. బయటి వస్తువులు లేవు, మనసే ఉంది అన్న విజ్ఞానవాద బౌద్ధులను బ్రహ్మసూత్ర భాష్యంలో, 'నాభావ ఉపలబ్ధేః' (కనబడుతున్నాయి గనక లేవనడం కుదరదు) అన్నచోట, ఆయనే గట్టిగా పట్టుకున్నాడు. తింటూ, తృప్తి పడుతూ, 'నేను తినడం లేదు, నాకు తృప్తి కలగడం లేదు' అనేవాడి మాట ఎవరు నమ్మాలి అని అడిగాడు. నేను ఈ సంగతి చెబుతున్నప్పుడు సెక్రెటరీ గారు మూడో బజ్జీ మీద ఉన్నాడు.

కాగితం ప్లేట్లు అందిస్తున్న వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చి, చెవిలో, "వద్దులే సార్, ఉండే పని పోతాది" అన్నాడు. నేను కూర్చున్నాను.

అతనిది కంబదూరు వైపు పల్లె. ఆరెకరాల చేను. చెనిక్కాయ వేసేవాడు. ఏడాదికి సగటున ఐదొందల పైచిలుకు మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఆ సగటు కాగితం మీద కురుస్తుంది, చేల మీద కాదు. మూడు బోర్లు వేశాడు. నీళ్ల జాడ చెప్పడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచినవాడు, అది నిలబడిన చోట "ఇక్కడే అప్పా" అన్నాడు. ఆఖరి బోరు తొమ్మిదొందల అడుగులు దిగింది, తెల్లటి దుమ్ము లేచింది. బోరు బండి వాళ్లు అడుగుకు ఇంతని లెక్కగట్టి తీసుకుపోయారు. పెళ్లాం చెవుల కమ్మలు పోయాయి. చేను బీడు పెట్టి వచ్చి మా గేటు దగ్గర కూర్చున్నాడు. అలాంటి మనిషితో, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ మా సెక్రెటరీ గారు అన్న మాట నేను నా చెవులతో విన్నాను: "కరువు బయట లేదప్పా. నీ ఆలోచనలో ఉంది. నీ ఎరుక మార్చుకో, అన్నీ వస్తాయి."

ఎంత పొగరుండాలి ఆ మాట అనడానికి! తొమ్మిదొందల అడుగుల కింద నీళ్లు లేకపోవడం అతని ఆలోచనలో లోపమా? అప్పు అతని ఆలోచనలో ఉంటే వడ్డీ బ్యాంకు లెడ్జర్‌లో ఎట్లా పెరుగుతోంది? ఈ జిల్లాలో చేలగట్ల మీద పురుగుల మందు డబ్బా పక్కన పడిపోయిన వాళ్లందరూ ఎరుక చాలక చచ్చిపోయారా? సిగ్గుండాలి. పోనీ, నీ సిద్ధాంతమే నిజమనుకుందాం. చైతన్యమే మూలం, మిగతాదంతా పైపూత. అప్పుడు ఈ సృష్టిలో అన్నిటికంటే గట్టి నిజం ఏది? రాయి లేకపోవచ్చు, కుర్చీ లేకపోవచ్చు, నీ కారు కూడా లేకపోవచ్చు. బాధ ఎట్లా లేకుండా పోతుంది? బాధ అంటేనే ఎరుక. అతని గుండెల్లో రాత్రిళ్లు మెలిపెట్టేది నీ లెక్క ప్రకారమే పునాదిరాయికి అంటుకుని ఉంది. నువ్వు దాన్నే మాయ అంటున్నావు, నీ ఐదొందల్ని మాత్రం సత్యం అంటున్నావు. ఉపనిషత్తు చదివినవాడు చేసే పనా ఇది? వడ్డీ వ్యాపారి కూడా అప్పు వసూలు చేసేటప్పుడు నీకు అప్పే లేదని చెప్పి వెక్కిరించడు.

సరే. ఈ నెల మెయింటెనెన్స్‌లో నేను ఐదొందలు తగ్గించి కట్టాను, ఆ ఐదొందలు వాచ్‌మన్ చేతిలో పెట్టాను. అతను భయపడి తీసుకోలేదు, భార్య తీసుకుంది. నిన్న లిఫ్టు పక్కన కొత్త కాగితం వెలిసింది. నా ఫ్లాటు నంబరు, బాకీ రూ. 500, ఆలస్య రుసుము రూ. 50. బార్డరు లేదు.