ఇన్ని టిక్కులు ఎవరి కోసం పెడుతున్నాం?

ముందు చిన్న లెక్క. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులకు లెక్కలు నేనే చెప్తాను. తరగతికి నలభై మంది వేసుకోండి, మొత్తం రెండొందలు. ఒక్కో నోట్‌బుక్ రెండంటే రెండే నిమిషాలు చూసినా 400 నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు. ఇది ఒక్కసారి దిద్దితే. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో టీచరుకు వారానికి 45 గంటలు అని రాశారు, పాఠం చెప్పడం, దానికి సిద్ధమవడం రెండూ కలిపి. దిద్దడం అందులో ఎక్కడ ఇమడాలో చట్టం చెప్పదు, హెడ్‌మాస్టరూ చెప్పరు. అందుకే అది ఇంటికొస్తుంది, బస్సెక్కుతుంది. పొద్దున్నే విజయనగరం నుంచి చీపురుపల్లి వైపు వెళ్లే బస్సులో ఎక్కి చూడండి, ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద పేపర్ల కట్ట, చేతిలో ఎర్ర పెన్నుతో ఒకరిద్దరు తప్పకుండా కనబడతారు. గతుకొచ్చినప్పుడల్లా టిక్కు సాగి గీతైపోతుంది.

ఇంత పని ఎలా తగ్గించుకోవాలి అనడిగితే అందరూ వేగం గురించే చెప్తారు. బేగి దిద్దడానికి ఈ యాప్, బేగి టోటల్ వేయడానికి ఆ ఎక్సెల్ షీట్, 'గుడ్' అని కొట్టే రబ్బరు స్టాంపు. నేనూ అన్నీ చూశాను. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా, మేం దిద్దేవాటిలో సగం పిల్లల కోసం దిద్దడం లేదు. చూడ్డానికొచ్చే అధికారి కోసం, ఇంట్లో పుస్తకం తిరగేసే తల్లిదండ్రుల కోసం, రేపెప్పుడైనా ఎవరైనా అడిగితే చూపించడానికి దిద్దుతున్నాం. ఆ సగం అలాగే ఉంచుకుని మిగతా సగాన్ని ఎంత వేగంగా లాగించినా పెద్దగా కలిసొచ్చేదేం లేదు.

నాకీ విషయం తలకెక్కింది ఎనిమిదో తరగతి స్లిప్ టెస్టు దగ్గర. 5 - (ఎక్స్ - 3) ఎంత అని ఒక ప్రశ్న ఇచ్చాను. 41 మంది రాస్తే 27 మంది 2 - ఎక్స్ అని రాశారు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులు మారతాయి కాబట్టి జవాబు 8 - ఎక్స్ రావాలి. నేను మహా బుద్ధిగా 27 పేపర్లలోనూ తప్పు చుట్టి, పక్కన సరైన స్టెప్ రాసి, కింద 'గుర్తులు చూసుకో' అని కూడా రాశాను. దసరా సెలవులు, పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ హాల్లో కబుర్లు చెప్పుకుంటుంటే నేను లోపలి గదిలో మంచం మీద పేపర్లు పరుచుకుని ఒకే మాట ఇరవయ్యేడు సార్లు రాశానన్నమాట. సెలవులయ్యాక పేపర్లు ఇచ్చాను. పిల్లలు మార్కు చూసుకున్నారు, పక్కవాడి మార్కు చూశారు, పేపరు మడిచి సంచిలో పెట్టేశారు. తర్వాతి టెస్టులో అదే తప్పు, దాదాపు అదే పిల్లలు.

ఇందులో పిల్లల తప్పేం లేదు, మనిషి చేసే పనే అది. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన అధ్యయనం 1988లో అచ్చయింది. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే రాసిచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్ల పరిస్థితి మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉంది. అంటే మార్కు కనబడగానే పక్కనున్న మాట చెల్లకుండా పోతోంది. ఇక మేం చేసేదేమిటి? మార్కు వేసి, దాని పక్కనే కష్టపడి రెండు లైన్లు రాస్తాం. ఆ రెండు లైన్లకు పట్టే టైమ్ నేరుగా గంగలో పోసినట్టే.

అందుకని ఇప్పుడు స్లిప్ టెస్టు పేపర్ల మీద నేను ఏమీ రాయను. పక్కన తెల్లకాగితం ఒకటి పెట్టుకుంటాను, తప్పు కనబడితే దాని మీద గీత గీస్తాను, ఏ తప్పుకు ఎన్ని గీతలు పడ్డాయో చివర్లో చూస్తే తరగతి మొత్తం అర్థమైపోతుంది. ఎక్కువ గీతలు పడ్డ మూడు తప్పులు మర్నాడు బోర్డు మీద రాస్తాను, ఎవరి పేరూ చెప్పకుండా, 'ఇందులో ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోండి' అంటాను. ఆరేడు నిమిషాల పని. ఇరవయ్యేడు సార్లు రాసిన దానికంటే ఇది బాగా ఎక్కుతోంది. ఎందుకంటే ఇక్కడ తప్పు వెతికేది వాళ్లు, నేను కాదు.

ఇంకో అలవాటు, మార్కులు వేయాల్సిన పరీక్షల్లో ఒక పేపరు మొదటి నుంచి చివరిదాకా దిద్దను. అందరివీ మొదటి ప్రశ్న, తర్వాత అందరివీ రెండో ప్రశ్న. స్టెప్పుకి ఎంత మార్కు అనేది బుర్రలో ఒకసారి కుదురుకుంటే చెయ్యి దానంతటదే పోతుంది, ప్రతి పేపరుకూ కీ వైపు చూడక్కర్లేదు. న్యాయంగానూ ఉంటుంది. మొదటి జవాబు ముత్యాల్లాంటి రాతతో రాసినవాడికి నాలుగో జవాబులో అర మార్కు ఊరికే కలిసొచ్చే జబ్బు నాకూ ఉంది, మీకూ ఉంది, ఒప్పుకుందాం. పదో తరగతి పబ్లిక్ పేపర్లు దిద్దే స్పాట్‌కు వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ ముందు కీ మీద చర్చ పెట్టి, ఏ స్టెప్పుకు ఎంతో తేల్చుకున్నాకే కట్ట విప్పుతారు. స్కూల్లో మాత్రం కీ లేకుండా కట్ట మీద పడిపోతాం, పదో పేపరు దగ్గర మనసు మార్చుకుని మళ్లీ మొదటికొస్తాం.

హోంవర్క్ సంగతి వేరు. అది దిద్దాల్సిన అవసరమే చాలామటుకు లేదని నా వాదన. జవాబులు బోర్డు మీద రాస్తాను, పిల్లలు ఆకుపచ్చ పెన్నుతో వాళ్లవి వాళ్లే సరిచూసుకుంటారు. పుస్తకాలు మార్చుకుని ఒకరివి ఒకరు దిద్దడం కూడా చేయించాను గానీ ఆపేశాను, వెనకబడ్డ పిల్లలు నవ్వులపాలవుతున్నారు. (అమెరికాలో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఓక్లహోమాలో ఒక తల్లి, నా బిడ్డ మార్కులు తోటిపిల్లలు చూడటమేంటని కేసు వేశారు. అలా దిద్దించడం విద్యార్థుల రికార్డుల గోప్యత చట్టానికి విరుద్ధం కాదని 2002లో కోర్టు తేల్చింది. చట్టం ఒప్పుకుంది సరే, మూడో బెంచీలో కూచున్న పిల్ల మొహం చూశాక నాకు మనసొప్పలేదు.) వాళ్లే దిద్దుకుంటే దొంగలెక్కలు రాయరా అంటారు. రాస్తారు. అందుకే రోజుకి ఎనిమిది రోల్ నంబర్లు చీటీ తీస్తాను, ఆ ఎనిమిది పుస్తకాలు మాత్రం తీరిగ్గా చూస్తాను. ఎవరిది వస్తుందో తెలియదు కాబట్టి అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

ఇక అసలు అడ్డంకి దగ్గరకు వద్దాం. అధికారుల విజిట్ వస్తుందంటే స్టాఫ్‌రూమ్‌లో జరిగే పని చూశారా? నెల రోజుల పేజీలు ఒక్క సాయంత్రంలో టిక్కులతో నిండిపోతాయి, తేదీలు కూడా వెనక్కి వేస్తారు. చదవకుండా కొట్టిన టిక్కు కంటే కొట్టని టిక్కే నయం, కనీసం అబద్ధం చెప్పదు. ఇది మన ఒక్కరి జాడ్యం కాదు. ఇంగ్లండులోనూ రంగురంగుల పెన్నులతో పేజీలకు పేజీలు వ్యాఖ్యలు రాయడం ఒక వ్రతంలా మారింది, 2016లో అక్కడి ప్రభుత్వం వేసిన బృందం ఈ భారం మీద నివేదిక ఇచ్చింది. దిద్దుబాటు అర్థవంతంగా ఉండాలి, చేయగలిగినంతే ఉండాలి, పిల్లలకు ఉత్సాహం ఇవ్వాలి అని మూడు ముక్కల్లో చెప్పింది. నోట్‌బుక్కులో ఎంత సిరా ఉందనేది చదువుకు కొలత కాదని అక్కడ ప్రభుత్వ కాగితంలోనే రాసుకున్నారు. మన దగ్గర అలాంటి ఒక్క సర్క్యులర్ వస్తే చాలు, ఏ యాప్ ఇవ్వలేనంత టైమ్ మిగులుతుంది.

పుస్తకాల పని ఒక ఎత్తయితే మార్కుల ఎక్కింపు ఇంకో ఎత్తు. నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) అనే మాట 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ఆలోచన మంచిదే, ఏడాది చివర ఒక్క పరీక్షతో పిల్లాడి జాతకం తేల్చొద్దని. సీసీఈ వచ్చిన కొత్తలో మన దగ్గర ఏడాది మధ్యలో చేసే ఒక్కో ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కి, అంటే ఒక్కో ఎఫ్‌ఏకి 50 మార్కులు: స్లిప్ టెస్టుకు 20, భాగస్వామ్యానికి 10, రాతపనులకు 10, ప్రాజెక్టుకు 10. ఇప్పుడు నా రెండొందల మందినీ ఇందులో వేయండి. మనిషికి నాలుగు అంకెలు, ఒక్కో ఎఫ్‌ఏకి 800, ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, మొత్తం 3,200 అంకెలు, ఒక్క సబ్జెక్టుకే. వీటిని పేపరు మీద వేసి, రిజిస్టర్లో ఎక్కించి, ఆన్‌లైన్లో ఎక్కిస్తే మూడింతలు. సర్వర్ పడుకుంటే రాత్రి పదకొండుకు మళ్లీ. ఇందులో ముప్ఫై మార్కులు ఎలా పడతాయో టీచర్లందరికీ తెలుసు, స్లిప్ టెస్టులో వచ్చినదాన్ని బట్టి అటూ ఇటూగా వేసేస్తారు. నిరంతరం జరిగింది మూల్యాంకనం కాదు, నమోదు. ఒకసారి ఒకచోట ఎక్కిస్తే చాలనే మాట పైనుంచి రావాలి, అది టీచరు సొంతంగా చేసుకోగలిగిన పని కాదు.

మా తెలుగు మేడంది ఇంకో బాధ. లెక్కల్లో తప్పు తప్పే. తెలుగులో దేన్ని తప్పనాలి? పిల్లాడు వ్యాసంలో 'బేగి ఎల్లిపోనాడు' అని రాస్తాడు. ఇంట్లో వాడు మాట్లాడేది అదే. మేడం ఎర్రగా చుట్టి 'త్వరగా వెళ్లిపోయాడు' అని రాస్తారు, పేజీకి పదిహేను చుట్టలు, పుస్తకానికి ఐదు నిమిషాలు. ఈ గొడవ కొత్తది కాదు, మన గడ్డ మీదే పుట్టింది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు, విజయనగరం గురజాడ గారు పట్టుబట్టింది పిల్లలు పరీక్షల్లో ఏ తెలుగు రాయాలన్న దాని గురించి కూడా. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసం కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయొచ్చని ఉత్తర్వు వచ్చింది, గ్రాంథికం వైపు పండితులు గగ్గోలు పెట్టారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. అదే 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిష్ జవాబుపత్రాన్ని వందకు పైగా స్కూళ్ల టీచర్లతో దిద్దిస్తే ఒకరు 64 వేశారు, ఒకరు 98 వేశారు. ఏది చూడాలో ముందుగా తేల్చుకోకుండా దిద్దితే టైమూ పోతుంది, న్యాయమూ పోతుంది. మేడంకి నేను చెప్పింది ఒక్కటే, ఈ వారం వ్యాసంలో వాక్యం పూర్తయిందా లేదా అని మాత్రమే చూడండి, మాండలికం జోలికి పోవద్దు, వచ్చే వారం ఒత్తులు. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. తప్పు కనబడుతుంటే చెయ్యి ఊరుకోదు మేస్టారూ అన్నారు. ఇప్పుడు పుస్తకానికి నిమిషంన్నరలో అయిపోతోందట.

యంత్రాల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. జవాబుకి సున్నా నింపే ఓఎంఆర్ షీటును ఫోన్ కెమెరాతో స్కాన్ చేసి మార్కులిచ్చే జిప్‌గ్రేడ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. ప్లికర్స్ అని ఇంకోటి, పిల్లల చేతుల్లో గుర్తులున్న అట్టముక్కలుంటే చాలు, టీచరు ఫోన్ తిప్పితే ఎవరు ఏ జవాబు ఎత్తారో తెలిసిపోతుంది. పిల్లల దగ్గర ఫోన్లు లేని మా ఊళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కానీ కిటుకంతా ప్రశ్నలో ఉంది. ఇందాకటి ప్రశ్నకే నాలుగు ఆప్షన్లు ఇస్తే అందులో 2 - ఎక్స్ కచ్చితంగా ఉండాలి, అప్పుడే ఎవరికి మైనస్ గొడవ ఉందో యంత్రం చెప్పగలదు. నోటికొచ్చిన ఆప్షన్లు ఇస్తే మార్కు తెలుస్తుంది గానీ జబ్బు తెలియదు. దిద్దేటప్పుడు మిగిలే టైమ్‌లో కొంత ప్రశ్న తయారీకి ముందే పెట్టాలన్నమాట.

ఏఐతో కూడా ప్రయత్నించాను. పేరు, నంబరు మూసేసి ఐదు జవాబులు ఫోటో తీసి ఇచ్చాను (పిల్లల వివరాలు కనబడేలా పంపడం మాత్రం తప్పు, ఎవరూ చేయొద్దు). ఇంగ్లిష్ మీడియం వాళ్ల రాత బాగానే చదివింది. తెలుగు చేతిరాతలో ఒత్తుల దగ్గర తడబడి, పిల్లాడు రాయని మాట రాసినట్టు చెప్పి, దానికి మార్కు కూడా వేసేసింది! అది సరిచూడటానికి పట్టిన టైమ్‌లో నేను ఐదూ దిద్దేసేవాడిని. ప్రశ్నలు, ఆప్షన్లు తయారుచేయించుకోవడానికి మాత్రం వాడుతున్నాను, దాన్ని మళ్లీ నేను చూసుకుంటాను.

ఇదంతా మొదలెట్టిన కొత్తలో ఒకావిడ స్కూలుకొచ్చారు. జీడిపిక్కల పనికి వెళ్తారట, ఆ రోజు కూలి పోగొట్టుకుని మరీ వచ్చారు. "మేస్టారూ, మా గుంటడి బుక్కులో ఎర్రగీతల్లేవేటండీ, మీరు సూడ్నేదా?" అన్నారు. నేను పుస్తకం తీసి ఆకుపచ్చ గీతలు చూపించాను, ఇవి మీవాడు తన తప్పులు తనే పట్టుకున్నవమ్మా అని, బ్రాకెట్ లెక్క ఎక్కడ కొట్టేసి మళ్లీ రాశాడో వేలుపెట్టి చెప్పాను. ఆవిడ చదువుకోలేదు, కానీ కొట్టివేత పక్కన మళ్లీ రాసి ఉండటం గమనించారు. "అయితే ఆడే దిద్దుకున్నాడా?" అని రెండుసార్లు అడిగారు. పేజీలు తిరగేశారు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అయినా మీరో టిక్కెట్టండి బాబూ, ఆళ్ల నాన్నకి సూపించాల" అన్నారు.

పెన్ను తీసి పెట్టాను.